చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదంటున్నారు, మళ్లీ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. మాది మెదక్ దగ్గర పల్లె. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు మా ఊరి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో నాకు బాప్తిస్మం ఇచ్చారు. పదిహేనో ఏట కన్ఫర్మేషన్ (నా నోటితో నేనే విశ్వాసం ఒప్పుకునే ఆరాధన) అయింది. అప్పటి నుంచి సంస్కారం (ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటున్నాను. పెళ్లయ్యాక ఉప్పల్ వచ్చాం. ఆరేళ్లుగా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక స్వతంత్ర సంఘానికి వెళ్తున్నాం. చిలకరింపు బాప్తిస్మం బాప్తిస్మమే కాదని, నీళ్లలో మునిగి తీసుకుంటేనే ప్రభువు బల్లలో భాగం ఉంటుందని అక్కడి పాస్టరుగారు అంటున్నారు. వచ్చే నెల చివరి ఆదివారం బాప్తిస్మాలు. నా పేరు కూడా రాసుకున్నారు. నా స్నేహితురాలు నిరుడు తీసుకుంది. నీళ్లలోంచి లేవగానే మనసు దూదిపింజలా అయిపోయిందని సాక్ష్యం చెప్పింది. నాకేమో రెండేళ్లుగా ప్రార్థన రావడం లేదు. మోకరిస్తాను, నోట మాట రాదు. మళ్లీ బాప్తిస్మం తీసుకుంటే ఈ ఎండిపోయిన మనసు చిగురిస్తుందేమోనని ఆశ. అమ్మకు ఫోనులో చెబితే, "అయితే నిన్ను ఎత్తుకుని గుడికి తీసుకెళ్లింది అబద్ధమా?" అని ఏడ్చింది. నాన్న పోయి మూడేళ్లయింది. పొలం విషయంలో తూప్రాన్‌లో ఉన్న మా అక్కకూ నాకూ మాటల్లేవు, అది వేరే సంగతి లెండి. నేనేం చేయాలి?
ఒక సోదరి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరమంతా నీళ్ల గురించే ఉంది. అక్కగారి గురించి ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్కదాన్నీ "వేరే సంగతి లెండి" అని మీరే పక్కకు నెట్టేశారు. నా కన్ను మాత్రం అక్కడే పడింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి కదా.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను ముప్పై ఎనిమిదేళ్లు సంఘకాపరిగా పనిచేసి విరమించినవాణ్ని. సగం కాలం పల్లెల్లో, సగం కాలం సికింద్రాబాదులో. చంటిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే సంఘం మాది. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయింది. అది తెలిసే ఈ జవాబు చదవండి.

మీ పాస్టరుగారి మాటలో నిజం ఉంది. బాప్తిస్మం అనేది గ్రీకు నుంచి వచ్చిన మాట. ముంచడమని దాని అర్థం. ఓడ నీట మునిగినా గ్రీకువాళ్లు ఆ మాటే వాడేవారు. యేసు యొర్దాను నదిలోకి దిగాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ అధికారి దారిపక్కన నీళ్లు చూసి, "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని రథం ఆపించి, ఫిలిప్పుతోపాటు నీళ్లలోకి దిగాడు. రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు, బాప్తిస్మంవల్ల మనం క్రీస్తుతోకూడా "పాతిపెట్టబడితిమి" అన్నాడు. పాతిపెట్టడమంటే నాలుగు చుక్కలు చల్లడమా అని మీ పాస్టరుగారు నన్ను అడిగితే నా దగ్గర ఎదురుమాట లేదు.

ఒక వేసవిలో రామంతాపూర్‌లో ఒక స్నేహితుడి సంఘానికి వెళ్లాను. రేకుల షెడ్డు వెనక సిమెంటు తొట్టి, నడుము పైదాకా లోతు. బోరు ఎండిపోతే శనివారం రాత్రి ట్యాంకరు తెప్పించి నింపారట. తెల్లారేసరికి నీళ్లమీద వేపాకులు రాలి ఉన్నాయి. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ వంతు వచ్చింది. నాలుగిళ్లలో పనిచేసుకుని బతికే మనిషి. మెట్టు మీద ఆగి, కళ్లజోడు తీసి కోడలి చేతికిచ్చింది. పాస్టరు ఆమె చేతినే ఆమె ముక్కుమీద పెట్టించి, వీపు కింద తన చెయ్యి వేసి వెనక్కి వాల్చాడు. ఒక్క క్షణం నీళ్లు ముఖాన్ని మూసేశాయి. పైన కొంగు ఒక్కటే తేలుతోంది. పల్లెల్లో ఎన్ని సమాధుల దగ్గర నిలబడ్డానో, ఆ క్షణంలో అవన్నీ గుర్తుకొచ్చాయి. ఆమె లేచింది, దగ్గింది, కోడలి వైపు చూసి నవ్వింది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను: పౌలు చెప్పిన సమాధిని ఇన్నేళ్లూ నేను దోసెడు నీళ్లలోనే చూపిస్తూ వచ్చానని.

అలాగని నీళ్ల లోతే అన్నిటినీ తేల్చేస్తుందా అంటే, తొలినాటి సంఘం అలా అనుకున్నట్టు కనిపించదు. మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన దిదాఖే అనే చిన్న గ్రంథంలో బాప్తిస్మం ఎలా ఇవ్వాలో ఉంది. పారే నీళ్లలో ఇవ్వండి, అవి లేకపోతే వేరే నీళ్లలో ఇవ్వండి, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు, ఏవీ చాలినన్ని లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అని రాశారు. ట్యాంకరు రాని రోజు ఏం చేయాలో వాళ్లు అప్పుడే ఆలోచించి పెట్టారన్నమాట.

అసలు తగవు నీళ్ల కొలత గురించి కాదు. ఊహ తెలియని పిల్లకు ఇవ్వవచ్చా లేదా అన్నదే తగవు. ఇది నిన్న మొన్న ఉప్పల్ సందులో పుట్టింది కాదు. 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిక్‌లో కొందరు యువకులు ఒక ఇంట్లో కూడి, తాము చంటిపిల్లలప్పుడు పొందినది బాప్తిస్మం కాదని, నమ్మి పొందినదే బాప్తిస్మమని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరిలో ఆ నగరాధికారులే లిమ్మత్ నదిలో ముంచి చంపించారు. నీళ్లు కోరినవాడికి నీళ్లతోనే శిక్ష. ఆ ఒరవడిలోంచి వచ్చినవాళ్లే మెనోనైట్లు. ఇవాళ మహబూబ్‌నగర్, షంషాబాద్ వైపు వెళ్తే మెనోనైట్ బ్రదరెన్ సంఘాలు కనబడతాయి. ఒంగోలు మొదలుకొని ఎన్నో జిల్లాల్లో ఉన్న బాప్టిస్టులదీ ఇదే నమ్మకం. సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రీస్తును నమ్మి, 1932లో అక్కడే బాప్తిస్మం పొందిన భక్తసింగ్ తర్వాత మన గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థనా మందిరం నుంచి బోధించిందీ ఇదే. ప్రాణాలు ఇచ్చి నిలబెట్టుకున్న నమ్మకాన్ని చిన్నచూపు చూడటం నాకు చేతకాదు. (చిత్రమేమిటంటే, జూరిక్‌లో ఆ రాత్రి వాళ్లు మునగలేదు. తలమీద నీళ్లు పోసుకున్నారు.)

ఇక అవతలి ఒడ్డు. సీఎస్ఐ, లూథరన్, మెథడిస్టు, కతోలిక సంఘాలు చంటిపిల్లలకు ఎందుకు ఇస్తాయి? ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటివాళ్లందరితో బాప్తిస్మం పొందాడు కదా, ఆ ఇంట్లో పిల్లలుండరా అని మేము అంటాం. ఉన్నారని రాసి లేదు కదా అని వాళ్లు అంటారు. ఈ వాదం ఇక్కడే తిరుగుతూ ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. నాకు ముఖ్యమని తోచేది వేరే ఉంది. మీ పేరు మీరు పెట్టుకున్నారా? తెలుగు కావాలని మీరు అడిగి నేర్చుకున్నారా? ఆకలి అని చెప్పడం రాకముందే అమ్మ పాలిచ్చింది. "ఆయనే మొదట మనలను ప్రేమించెను" అని యోహాను రాశాడు. ఆ "మొదట" అనే మాటను కంటికి చూపించాలంటే, చేతుల్లో కాళ్లు ఆడించే మూడు నెలల పిల్లను మించిన గుర్తు నాకు దొరకలేదు. ఆ పిల్ల ఏమీ చేయలేదు, ఏమీ చెప్పలేదు. చాలాసార్లు నిద్రపోతూ ఉంటుంది. నీళ్లు పడగానే ఉలిక్కిపడి కెవ్వుమంటుంది.

ముంచడంలో మనిషి ఇచ్చే జవాబు బాగా కనబడుతుంది. చంటిపిల్ల బాప్తిస్మంలో దేవుడు పిలిచిన పిలుపు బాగా కనబడుతుంది. ఐదు వందల ఏళ్లుగా నాకన్నా చదువుకున్నవాళ్లు తేల్చలేని తగవును ఒక ఉత్తరంలో నేను తేల్చను. కానీ మీరు గమనించాల్సింది ఒకటుంది. "ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే" అని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. దీన్ని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. బాప్టిస్టు సోదరుడు కూడా "రెండోసారి తీసుకో" అనడు. "నీకు మొదటిది జరగనే లేదు" అంటాడు. కాబట్టి మీరు నన్ను అడిగిన "మళ్లీ తీసుకోవాలా" అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. మొదటిది జరిగిందా, లేదా? తేలాల్సింది అదే.

వాక్యం చదివి, ప్రార్థించి, మొదటిది జరగలేదని మీ మనస్సాక్షి గట్టిగా చెబితే వెళ్లి తీసుకోండి. నేను అడ్డు చెప్పను, మీ మీద కోపమూ రాదు. అయితే మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. మీరు చెప్పిన కారణాలు బల్లలో చోటు, స్నేహితురాలి సాక్ష్యం, ఎండిపోయిన మనసు. వీటిలో ఏదీ బాప్తిస్మానికి కారణం కాదు.

బల్ల సంగతి చిన్నది. ఆ సంఘం కట్టుబాటు అది. పాస్టరుగారితో కూర్చుని, పదిహేనో ఏట కన్ఫర్మేషన్‌లో మీరే నోరు తెరిచి క్రీస్తును ఒప్పుకున్న సంగతి చెప్పండి. ఆ రోజు మీ బదులు ఎవరూ మాట్లాడలేదు. నమ్మి ఒప్పుకోవడమే లోటైతే, ఆ లోటు అక్కడ తీరింది. దీన్ని ఆయన ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. 1982లో ప్రపంచ సంఘాల మండలి తరఫున పెరూ రాజధాని లీమాలో, అనేక సంఘాల పండితులు కలిసి బాప్తిస్మం మీద ఒక ప్రకటన తెచ్చారు. పునర్బాప్తిస్మంగా అనిపించే ఏ పనినీ చేయవద్దని అందులో ఉంది. స్వతంత్ర సంఘాలకు అది కట్టుబాటు కాదు, నిజమే. ఆయన ఒప్పుకోకపోతే ఆ ఆదివారాలు కూర్చుని వాక్యం వినండి. నెలకొకసారి మీ పాత సంఘం శాఖ ఏదైనా ఉప్పల్ చుట్టుపక్కల ఉంటే అక్కడికి వెళ్లి సంస్కారం తీసుకోండి. భోజనం కోసం బాప్తిస్మం తీసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

భోజనం అంటే గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా ఒంగోలు ప్రాంతంలో ఘోరమైన కరువు. జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదని కరువు తీరేదాకా ఆపాడు. వానలు పడి, ఇచ్చే సాయం ఏమీ మిగలని రోజుల్లో కూడా వాళ్లు తిరిగొచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ వాగులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ 2,222 అంకెనే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు ఆయన ఆపిన నెలలు గొప్పగా కనబడతాయి. మునగడమే సరైనదని నమ్మినవాడే "ఇప్పుడు కాదు" అనగలిగాడు.

స్నేహితురాలి సాక్ష్యాన్ని నేను అనుమానించను. ఆమెకు అలాగే అయి ఉంటుంది. కానీ పౌలు "పాతిపెట్టబడితిమి" అన్నాడే తప్ప, దూదిపింజలా అయితిమి అనలేదు. యేసు సంగతే చూడండి. నీళ్లలోంచి లేవగానే ఆకాశం తెరుచుకుంది, "ఈయనే నా ప్రియ కుమారుడు" అన్న స్వరం వినబడింది. మత్తయి సువార్తలో ఆ పేజీ తిప్పగానే ఏముంది? అరణ్యం, నలభై రోజుల ఆకలి, సాతాను. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటడాన్ని పౌలు బాప్తిస్మంతో పోల్చాడు. దాటిన మూడు రోజులకే వాళ్లు నీళ్లు దొరక్క అల్లాడారు, దొరికిన మారా నీళ్లు చేదుగా ఉన్నాయని సణిగారు. తొట్టి అవతలి మెట్టు ఎక్కితే తోట ఉంటుందని మీతో ఎవరైనా అంటే, వారు బైబిల్లో ఆ తర్వాతి పేజీ చదవలేదన్నమాట. మళ్లీ మునిగి, వారం తిరక్కుండానే మళ్లీ మాట రాకపోతే అప్పుడు మీరేం చేస్తారు? మూడోసారి మునుగుతారా? అలా ముగ్గురు పాస్టర్ల దగ్గర తీసుకున్న ఒక పెద్దమనిషి నాకు తెలుసు. ప్రతిసారీ ఆరునెలలు బాగుండేది.

మరి నూతనపరచబడటం అంటే ఏమిటి? యోహాను సువార్తలో నీకొదేము అనే యూదుల అధికారి రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చి, ముసలివాడైన మనిషి ఎలా పుట్టగలడని అడిగాడు. యేసు అక్కడ వాడిన గ్రీకు మాటకు "మళ్లీ" అనీ "పైనుండి" అనీ రెండర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థం పట్టుకుని తల్లి గర్భం దాకా వెళ్లి చిక్కుకుపోయాడు. మీరూ "మళ్లీ" దగ్గరే చిక్కుకున్నారేమో. పైనుండి వచ్చేదాన్ని మనం తేదీ వేసి రప్పించలేం. ఇంకొకటి చూడండి. బాప్తిస్మం గురించి పౌలు చెప్పేటప్పుడు "పాతిపెట్టబడితిమి" అని జరిగిపోయినదానిలా చెబుతాడు. నూతనపరచబడటం గురించి చెప్పేటప్పుడు ఆంతర్య పురుషుడు "దినదినము" నూతనపరచబడుచున్నాడు అంటాడు. ఒకటి ఒక్కసారే. రెండోది రేపు పొద్దున కూడా. మార్టిన్ లూథర్ 1529లో ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, నీళ్ల బాప్తిస్మానికి అర్థమేమిటన్న ప్రశ్నకు, మనలోని పాత ఆదాము, అంటే పాపపు పాత మనిషి, రోజూ పశ్చాత్తాపంతో నీట మునిగి చావాలని, రోజూ కొత్త మనిషి లేవాలని జవాబు రాశాడు. చంటిపిల్లల బాప్తిస్మాన్ని గట్టిగా సమర్థించినవాడే రోజూ మునగమన్నాడు.

అయితే పాత మనిషి ఎక్కడుంటాడు? మనలో ఎక్కడ బతికున్నాడో అక్కడే కదా ముంచాలి. సిగరెట్టు దగ్గరో సినిమా దగ్గరో వెతుకుతాం, ఎందుకంటే అవి మనకు లేవు. నాకు బాగా తెలిసిన పాత మనిషి ఒకడున్నాడు. ఇరవై ఏళ్లు నేను మా తమ్ముడితో మాట్లాడలేదు. పండగనాడు అదే గుడిలో, మూడు బల్లల తేడాతో కూర్చునేవాళ్లం. ప్రసంగాలు బాగానే చెప్పేవాణ్ని. క్షమాపణ మీద కూడా చెప్పాను. ఒకసారి ఒక పాప తలమీద నీళ్లు పోస్తూ "పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను" అని చదువుతుంటే వెనక బల్లలోంచి వాడు దగ్గాడు. కావాలనే దగ్గాడని ఇప్పటికీ నా అనుమానం. గిన్నె పట్టుకున్న నా చెయ్యి వణికింది. ఆ తర్వాత కూడా వెళ్లి మాట్లాడటానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

అందుకే అంటున్నాను, అది వేరే సంగతి కాదమ్మా. నాన్నగారు పోయి మూడేళ్లు, ప్రార్థన ఆగి రెండేళ్లు. మధ్యలో ఒక ఏడాది పొలం తగాదా. మీరు మోకరించి ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోందేమో చూసుకోండి. అలా పట్టేస్తే దాన్ని శాపమనుకోకండి. పెదవులతో అబద్ధం చెప్పడానికి ఒప్పుకోని మనస్సాక్షి ఇంకా బతికే ఉందన్నమాట.

పొలం వదిలేయమని నేను అనడం లేదు. చట్ట ప్రకారం మీకు రావాల్సింది అడగండి, లెక్క లెక్కే. భక్తి పేరుతో ఆడపిల్లల వాటా మింగేయడం మన సంఘాల్లో తక్కువేమీ కాదు, దానికి నేను వంత పాడను. వాటా గురించి వాదించుకుంటూనే ఒకే కంచంలో తిన్న అక్కాచెల్లెళ్లను చూశాను. మాట్లాడటం మానేయడం వేరు, వాటా అడగటం వేరు.

ఆ ఊరి గుడిలో మీ అక్కకూ అదే తొట్టి దగ్గర బాప్తిస్మం ఇచ్చి ఉంటారు. చాలా పల్లె గుళ్లలో ఒక రాతి తొట్టి ఉంటుంది, అందులో ఇత్తడి గిన్నె పెడతారు. మొదట ఆమెను, కొన్నేళ్లకు మిమ్మల్ని, అదే గిన్నె నీళ్లకింద పట్టుకుంది మీ అమ్మానాన్నలే. చంటిపిల్లల బాప్తిస్మంలో పిల్ల తరఫున మాట ఇచ్చేది తల్లిదండ్రులు. మీ నాన్నగారు మీ తరఫున దేవునికి ఇచ్చిన మాట అది. ఇప్పుడు ఆయన లేరు, మాట ఉంది. అమ్మ ఫోనులో ఏడ్చింది సిద్ధాంతం గురించి అనుకున్నారా? భర్త పోయినామె ఆయనతో కలిసి చేసిన పనుల్లో ఒకటి చెల్లదని కూతురి నోట విన్నది.

అమ్మకు మీరు వాదన చెప్పకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని అడగండి. ఎవరెవరు వచ్చారు, ఏ చీర కట్టుకుంది, మీరు ఏడ్చారా, నిద్రపోయారా. గుడిలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది. మీ పేరున్న పేజీ తీయించి చూడండి. అక్క పేరు కూడా అందులోనే కొన్ని పేజీల వెనక ఉంటుంది.

డోర్నకల్‌లో 1912 నుంచి బిషప్పుగా ఉన్న అజరయ్యగారు పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లచేత వాళ్ల చేతుల్ని వాళ్ల తలల మీదే పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవారు. చదువురాని కూలీలు కూడా అది పలికేవారు. నాకు ఆ చెయ్యి ముఖ్యం. నీళ్లు పడిన చోట చెయ్యి పెట్టడం. నోట ప్రార్థన రాని రోజుల్లో మీరు ఇంతే చేయండి. పొద్దున స్నానం చేసేటప్పుడు మొదటి చెంబు తలమీద పోసుకుని, ఒక్క క్షణం చెయ్యి అక్కడే ఉంచండి. ఏ మాటా వద్దు. "ఉచ్చరింపశక్యముగాని మూలుగులతో" ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రికలో ఉంది, ఆయన పని ఆయన్ను చేయనివ్వండి. మాటలే కావాలనిపిస్తే కీర్తనలు చదవండి. 88వ కీర్తన చదివారా? మొదటి నుంచి చివరి దాకా చీకటే, ముగింపులో కూడా వెలుగు లేదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే, పనిమీద ధ్యాస నిలవకపోతే, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. తండ్రి పోయిన దుఃఖం కొన్నిసార్లు ఒంట్లో కూర్చుంటుంది. దాన్ని విశ్వాసం తగ్గడం అనుకుని మనుషులు ఏళ్లతరబడి తమను తాము నిందించుకుంటారు. ఉజ్జీవ కూటాల్లో అది తగ్గదు.

మాట మళ్లీ ఇవ్వాలని మీకు నిజంగా ఉంటే, నీళ్లు లేకుండానే ఇచ్చే దారి మీ సంఘంలోనే ఉంది. మెదక్ వైపు సంఘాలు వెస్లియన్ మిషను నాటినవి. 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠించిన మెదక్ పెద్ద గుడి కూడా వాళ్లు కట్టించిందే. జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన ఆ దారిలోనే సీఎస్ఐలోకి వచ్చింది. కొత్త సంవత్సరం మొదట్లో చేస్తారు. నన్ను పనిలో పెట్టినా, పక్కన పెట్టినా నీవాణ్నే అని అందరూ నిలబడి చెబుతారు. కతోలికులు ఈస్టరు రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని తమ జ్ఞానస్నానపు మాటలు మళ్లీ పలుకుతారు. చిన్నప్పుడు మీరు ఆ ఆరాధనలో నిద్రపోయి ఉంటారు. ఈసారి మెలకువగా వెళ్లండి.

పాస్టరుగారికి ఈ వారమే చెప్పండి, ఈ విడతలో నా పేరు తీసేయండి, నేను ఇంకా వెతుకుతున్నాను అని. మర్యాదగా చెప్పండి. ఆయన మీమీద శ్రద్ధతోనే పేరు రాసుకున్నారు. నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఏడాది గడిచాక, అక్కతో మాట కలిసాక, మాట కలవకపోయినా మీరు చేయాల్సింది చేశాక, మొదటిది బాప్తిస్మం కాదని ఇంకా అనిపిస్తే అప్పుడు తొట్టిలో దిగండి. నన్ను పిలిస్తే వచ్చి తువ్వాలు పట్టుకుంటాను.

వచ్చే నెల చివరి ఆదివారానికి ముందు నాలుగు శనివారాలున్నాయి. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో తూప్రాన్ మీదుగా వెళ్లే బస్సులు బోలెడు. ముందు ఫోను చేయకండి, ఫోనులో కాదనడం తేలిక. పొలం కాగితాలు తీసుకెళ్లకండి. పిల్లలుంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి. అక్క తలుపు తీస్తే ఏమైందో నాకు రాయండి. తీయకపోయినా రాయండి.